వర్క్‌షాప్‌లో కలప పెట్టుకునే చక్రాల బండి: కొలతల నుంచి చివరి బోల్టు దాకా

ప్లైవుడ్ షీట్లు గోడకు ఆనించి, పలకలు మూలన నిలబెట్టి, తుండు ముక్కలు బల్ల కింద కుక్కి పని చేసుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: వీటన్నిటినీ ఒకే బండి మీద పెట్టి, అవసరమైనప్పుడు పక్కకు తోసేయడం ఎలా?

బండి కట్టడం కష్టం కాదు. బరువు లెక్క వేయకుండా కట్టడమే చిక్కు తెస్తుంది. అరలు ఎన్ని, డ్రాయర్ ఎక్కడ అన్నవి చివర్లో తేల్చుకున్నా నష్టం లేదు. చక్రం ఎంత మోస్తుంది, బండి ఎటు ఒరుగుతుంది అన్నవి మాత్రం మొదటి కోత కోయకముందే తేలాలి. అందుకే సగం శ్రద్ధ అడుగు భాగం మీదే పెట్టండి.

ఇక్కడ చెప్పే బండి 1800 మి.మీ. పొడవు, 750 మి.మీ. వెడల్పు. ఒక పక్క 8×4 షీట్లు నిలువుగా ఆనుకుంటాయి. ఇంకో పక్క పైన పొడుగు పలకలకు చేతులు (గుంజల నుంచి బయటికి చాచి ఉండే కర్రలు), కింద తుండు ముక్కలకు అరలు. మధ్యలో నడిమి గోడ.

## 1. ముందు మీ దగ్గరున్న సరుకు లెక్క

టేపు, పెన్సిల్ పట్టుకుని ఉన్నదంతా ఓసారి చూడండి. కొనబోయేది కాదు, ఇప్పుడు ఉన్నది.

- పూర్తి షీట్లు ఎన్ని? సగం షీట్లు ఎన్ని?
- అన్నిటికన్నా పొడుగు పలక ఎంత?
- దాచుకోదగ్గ తుండు ముక్కలు నిజంగా ఎన్ని?
- బండి ఏ తలుపులోంచైనా వెళ్లాలా? వెళ్లాలంటే ఆ తలుపు వెడల్పు ఎంత?
- బండి నిలిపే చోట నేల సమంగా ఉందా, వాలుగా ఉందా?

చివరి రెండూ చాలామంది మర్చిపోతారు. ఈ బండి రెండు పక్కలా బయటి నుంచి బిగించే 18 మి.మీ. పలకలతో కలిపి 786 మి.మీ. వెడల్పు వస్తుంది. తలుపు అంతకన్నా ఇరుకైతే వెడల్పు తగ్గించాలి. అప్పుడు ఎత్తు కూడా తగ్గించండి. సన్నగా, పొడుగ్గా ఉన్న బండి ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది.

8 అడుగుల షీటుకు 8 అడుగుల బండి అక్కర్లేదు. షీటు 2440 మి.మీ., బండి 1800. రెండు కొసలా 320 మి.మీ. చొప్పున బయటికి వస్తుంది, అంతే. బండి చిన్నదైతే మలుపు తిప్పడం ఎంత తేలికో తోసి చూస్తే తెలుస్తుంది.

## 2. బరువు లెక్క, చక్రాల ఎంపిక

18 మి.మీ. ప్లైవుడ్ పూర్తి షీటు రకాన్ని బట్టి 30 నుంచి 35 కిలోలు తూగుతుంది. అదే మందం ఎం.డి.ఎఫ్. (చెక్క పీచు, జిగురు కలిపి ఒత్తిన పలక) అయితే 40 కిలోల దాకా వెళ్తుంది. 2.4 మీటర్ల పొడవు, 150 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. మందం ఉన్న గట్టి కలప పలక ఒకటి దాదాపు 6 కిలోలు.

ఉదాహరణకు:

- 5 షీట్లు × 34 కిలోలు = 170
- 10 పలకలు × 6 కిలోలు = 60
- తుండు ముక్కలు = 40
- బండి సొంత బరువు = సుమారు 90
- మొత్తం = 360 కిలోలు

ఇప్పుడు 360ని 4తో భాగించి, 90 కిలోల చక్రాలు చాలనుకోకండి. నేల ఎక్కడా పూర్తిగా సమంగా ఉండదు. ఏ గుంట మీదో ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, బరువు మిగతా మూడింటి మీద పడుతుంది. కాబట్టి 3తో భాగించాలి. అంటే చక్రానికి 120 కిలోలు. దానికి కొంచెం వెసులుబాటు కలిపి, ఒక్కోటి 150 కిలోలు మోసేవి తీసుకోండి.

చక్రం వ్యాసం 125 మి.మీ. ఉండాలి. 50, 75 మి.మీ. చక్రాలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ, నేల మీద పడిన చిన్న చెక్కపేళ్లకే ఆగిపోతాయి. మెత్తటి రబ్బరు చక్రాల మీద బరువు నెలల తరబడి నిలిచి ఉంటే అడుగు చదునెక్కుతుంది. అందుకే పాలీయురెథేన్ తొడుగు ఉన్నవి మేలు.

నాలుగూ తిరిగే చక్రాలా, రెండు తిరిగేవి రెండు బిగుసుకున్నవా? గోడ వారగా అడ్డంగా జరిపి నిలపాలంటే నాలుగూ తిరగాలి. పొడుగు గదిలో నేరుగా ముందుకూ వెనక్కూ తోయడమే పనైతే రెండు, రెండు చాలు, అదుపు కూడా బాగుంటుంది. ఇంటి వర్క్‌షాపుల్లో చోటు తక్కువ కాబట్టి నా ఓటు నాలుగూ తిరిగేవాటికే. అయితే కనీసం రెండింటికి బ్రేకు ఉండాలి. అది చక్రాన్నీ, చక్రం తిరిగే మెడనూ కలిపి పట్టే రకమై ఉండాలి. చక్రాన్ని మాత్రమే ఆపే బ్రేకు వేసినా, షీటు లాగేటప్పుడు బండి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

## 3. సామాను జాబితా

- 18 మి.మీ. ప్లైవుడ్: 1 షీటు
- 12 మి.మీ. ప్లైవుడ్: 1 షీటు
- 90×40 మి.మీ. కలప: కోతకు 15 మీటర్లు కావాలి. పగుళ్లు, ముడులు వదిలేయాల్సి వస్తుంది కాబట్టి 17 మీటర్లు తెచ్చుకోండి
- 125 మి.మీ. క్యాస్టర్ చక్రాలు: 4
- 8×60 మి.మీ. కోచ్ స్క్రూలు (స్పానర్‌తో బిగించే లావు చెక్క స్క్రూలు), వాషర్లు: 16
- 8×120 మి.మీ. బోల్టులు: 16, వాటికి పెద్ద వాషర్లు 32, వదులవ్వని నైలాన్ నట్లు 16
- స్క్రూలు: 100, 70, 50, 40, 35 మి.మీ.
- చెక్క జిగురు, గరుకు కాగితం

పనిముట్లు: సర్క్యులర్ సా, డ్రిల్లు, మూలమట్టం, టేపు, కనీసం నాలుగు క్లాంపులు, స్పానర్. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి.

కలప కొనేటప్పుడు ఒక కొస నుంచి కన్ను పెట్టి చూడండి. మెలితిరిగిన బద్దను అడుగు ఫ్రేముకు వాడితే, ఆ మెలిక నాలుగో చక్రం దగ్గర తేలుతుంది. కాస్త విల్లులా వంగినవాటిని చేతుల కోసం చిన్న ముక్కలుగా కోసేయొచ్చు.

## 4. కోతలు

90×40 కలప నుంచి:

- పొడుగు బద్దలు: 1800 మి.మీ., 2
- అడ్డబద్దలు: 670 మి.మీ., 4
- గుంజలు: 1130 మి.మీ., 4
- చేతులు: 390 మి.మీ., 8
- మూల దిమ్మలు: 110 మి.మీ., 8

18 మి.మీ. షీటును ముందు పొడవులో 1800 దగ్గర అడ్డంగా కోసేయండి. 1800 ముక్క నుంచి పొడుగు పట్టీలు నాలుగు వస్తాయి:

- షీట్ల వైపు అడుగు పలక: 180 మి.మీ.
- అరల వైపు అడుగు పలక: 380 మి.మీ.
- షీట్లు జారకుండా అంచుపట్టీ: 150 మి.మీ.
- అరల ముందు పలక: 300 మి.మీ.

మిగిలిన 640×1220 ముక్క నుంచి 283×1220 ముక్కలు రెండు తీయండి. ఒక్కోదాన్ని ఏటవాలుగా కోస్తే రెండేసి వస్తాయి: కింద 190, పైన 90 వెడల్పు. గీత గీసే పద్ధతి ఇది. ఒక కొసన ఎడమ అంచు నుంచి 190 దగ్గర గుర్తు పెట్టండి. ఇంకో కొసన అదే ఎడమ అంచు నుంచి 90 దగ్గర పెట్టండి. రెండు గుర్తులనూ గీతతో కలిపి, ఆ గీత వెంట కోయండి. 3 మి.మీ. రంపం తినేస్తుంది కాబట్టి, బ్లేడును గీతకు కుడి వైపున నడపండి. నాలుగు ఏటవాలు ముక్కలు రావాలి. షీట్లు బయటికి కాకుండా బండి లోపలికే ఒరిగేలా చేసేవి ఇవే.

12 మి.మీ. షీటు నుంచి 1800×1110 గోడ పలక ఒకటి, మిగిలిన దాంట్లోంచి 470×300 అడ్డుపలకలు నాలుగు.

ఒకే కొలత ఉన్న ముక్కలన్నిటినీ ఒకేసారి కోయండి. ఒక్కోటీ టేపుతో కొలిచి కోస్తే మిల్లీమీటరు తేడాలు పోగై, చివరికి గుంజలు ఒకే వరసలో నిలవవు. మొదటి ముక్కనే కొలతకర్రగా వాడండి. రెండోదాన్ని మూడోదానికి కొలతగా వాడకండి.

## 5. అడుగు ఫ్రేము

రెండు పొడుగు బద్దల మధ్య నాలుగు అడ్డబద్దలు: రెండు కొసల్లో, రెండు లోపల. అడ్డబద్దల మధ్య ఖాళీ 547 మి.మీ. వస్తుంది. ఇవి 90 మి.మీ. నిలువుగా ఉండేలా నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు.

జిగురు రాసి, బయటి నుంచి ఒక్కో చోట 100 మి.మీ. స్క్రూలు రెండేసి బిగించండి. ముందు సన్న రంధ్రం వేయకపోతే బద్ద కొసలు చీలతాయి.

ఇక్కడ ఒక బలహీనత ఉంది. ఈ స్క్రూలు అడ్డబద్ద కొసలో, అంటే పీచు పొడవునా దిగుతాయి. అలా దిగిన స్క్రూకు పట్టు తక్కువ. ఆ లోటును మూల దిమ్మలు, పైన వేసే ప్లైవుడ్ తీరుస్తాయి. కాబట్టి జిగురు పిసినారితనం వద్దు.

జిగురు ఆరకముందే మూలలు చూడాలి. 1800, 750 కొలతలకు ఎదురెదురు మూలల దూరం సరిగ్గా 1950 మి.మీ. రావాలి. రెండు వైపులా కొలవండి. ఒకటి 1954, ఇంకోటి 1946 వస్తే, పొడుగ్గా ఉన్న మూలల మీద క్లాంపు వేసి మెల్లగా లాగండి. రెండూ సమానమయ్యాక ఆరనివ్వండి.

తర్వాత మూల దిమ్మలు. ప్రతి మూలలో పొడుగు బద్దను ఆనుకుని రెండేసి దిమ్మలు, అవి కూడా 90 నిలువుగా, జిగురూ 70 మి.మీ. స్క్రూలూ వేసి. దీంతో మూలలో 120×150 మి.మీ. గట్టి చెక్క తయారవుతుంది. చక్రం ప్లేటు మొత్తం దీని మీదే కూర్చోవాలి. మీరు తెచ్చిన చక్రం ప్లేటు ఇంతకన్నా పెద్దదైతే దిమ్మలు పెంచండి. ప్లేటులో సగం గాలిలో వేలాడకూడదు.

## 6. చక్రాలు

ఫ్రేమును తలకిందులు చేయండి. ఈ పని ఇప్పుడే చేయాలి. గుంజలు లేచాక బండిని తిప్పడం ఇద్దరికీ కష్టమే.

ప్లేటును మూలకు వీలైనంత దగ్గరగా పెట్టి నాలుగు రంధ్రాలూ గుర్తు పెట్టండి. చక్రాలు లోపలికి జరిగిన కొద్దీ బండి నిలకడ తగ్గుతుంది. మెత్తటి కలపకు 5.5 మి.మీ., గట్టి కలపకు 6 మి.మీ. డ్రిల్లు బిట్టుతో 60 మి.మీ. లోతు రంధ్రం వేయండి. ఫ్రేము స్క్రూలు ఎక్కడున్నాయో పెన్సిల్‌తో ముందే గీసుకుంటే బిట్టు విరగదు.

కోచ్ స్క్రూకు కొంచెం మైనం రాసి, వాషర్ వేసి, స్పానర్‌తో చేత్తోనే బిగించండి. ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఒక్క ఊపున దింపితే చివర్లో చెక్క లోపలి మరలు నలిగిపోతాయి, స్క్రూ ఊరికే తిరుగుతుంది. అలా జరిగితే ఆ రంధ్రంలో జిగురు రాసిన గట్టి చెక్క పుల్ల కొట్టి, ఆరాక మళ్లీ రంధ్రం వేసుకోండి.

తిరగేసి నిలబెట్టి, నాలుగు మూలల మీదా ఒక్కోసారి బరువు వేసి చూడండి. టకటక కొడితే ముందు బండిని వేరే చోటికి జరిపి చూడండి, తప్పు నేలది కావచ్చు. ఎక్కడ పెట్టినా అదే చక్రం లేస్తుంటే, దాని ప్లేటుకూ దిమ్మకూ మధ్య పల్చటి రేకు పెట్టి సరిచేయండి.

## 7. గుంజలు, నడిమి గోడ

షీట్ల వైపు అంచు నుంచి 180 మి.మీ. దగ్గర ప్రతి అడ్డబద్ద మీదా గీత గీయండి. అక్కడి నుంచి 190 మి.మీ. నడిమి గోడ స్థలం. ఆ 190లో పలక వేయం. గుంజలు నేరుగా అడ్డబద్దల మీద నిలబడతాయి.

ముందు కింద పడుకోబెట్టి జత చేసుకోండి. గుంజ పైకొస, ఏటవాలు ముక్క పైకొస సమానంగా పెట్టండి. ఏటవాలు ముక్క నిటారు అంచు గుంజకు అరల వైపు అంచుతో కలవాలి. జిగురు రాసి, 50 మి.మీ. స్క్రూలు ఆరేడు వేయండి. కింద 90 మి.మీ. ప్లైవుడ్ గుంజను దాటి వేలాడుతుంది. నిలబెట్టినప్పుడు ఆ వేలాడే భాగం అడ్డబద్ద పక్కకు అతుక్కుంటుంది. అక్కడ జిగురు రాసి, నాలుగు స్క్రూలు. గుంజ ఊగకుండా పట్టేది ఈ అతుకే.

కొసల గుంజలకు ఏటవాలు ముక్క లోపలి వైపు ఉండాలి. మధ్యవాటికి ఎటైనా ఫర్వాలేదు.

నాలుగూ నిలబడ్డాక రెండు అడుగు పలకలూ 40 మి.మీ. స్క్రూలతో బిగించండి. తర్వాత గోడ పలకను ఏటవాలు అంచుల మీద పెట్టి, జిగురూ 35 మి.మీ. స్క్రూలూ వేయండి. 18 మి.మీ. ప్లైవుడ్ అంచులోకి స్క్రూ దిగాలి కాబట్టి సరిగ్గా మధ్యలో 2.5 మి.మీ. రంధ్రం వేయాల్సిందే. లేకపోతే పొరలు విడిపోతాయి. గోడ పలక బిగించకముందు ఓసారి, బిగించాక ఓసారి గుంజను పట్టుకుని పొడవు దిశలో ఊపి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

 

## 8. చేతులు, అరలు

ఒక్కో గుంజకు రెండు చేతులు. అడుగు పలక నుంచి ఒకటి 500 మి.మీ. ఎత్తులో, ఇంకోటి 850 మి.మీ. ఎత్తులో. చేయి 90 మి.మీ. మేర ఏటవాలు ముక్క మీద ఆనుతుంది, 300 మి.మీ. బయటికి వస్తుంది. కొస వేళ్లు దూరేంత పైకి లేచి ఉండాలి: అంటే 10 నుంచి 15 మి.మీ. మట్టంగా బిగిస్తే, బండి కదిలినప్పుడల్లా పలకలు మెల్లమెల్లగా బయటికి జరుగుతాయి.

ఎనిమిదింటినీ విడివిడిగా కొలవొద్దు. రెండు కొసల గుంజలకు క్లాంపుతో చేతులు పెట్టి, వాటి మీద ఒక తిన్నని బద్ద వేసి, మధ్యవాటిని దానికి తాకించి గుర్తు పెట్టండి. ఒక్క చేయి 5 మి.మీ. కిందికున్నా పలక బరువంతా మిగతావి మోస్తాయి.

చేతికి రెండు బోల్టులు, ఒకటి పైన లోపలికి, ఇంకోటి కింద బయటికి, ఐమూలగా. 8.5 మి.మీ. రంధ్రం. రెండు వైపులా పెద్ద వాషర్లు. ఇక్కడ స్క్రూలతో సరిపెట్టకండి.

అరలు పది నిమిషాల పని. 470 మి.మీ. అడ్డుపలకలను గుంజల దగ్గర ఏటవాలు ముక్కలకు బిగించి, 300 మి.మీ. ముందు పలకను ఫ్రేము బయటి వైపు అతికించండి. షీట్ల వైపు 150 మి.మీ. అంచుపట్టీ కూడా ఫ్రేముకు బయటే, అడుగు పలక మీదికి 70 మి.మీ. లేచేలా.

## 9. సరుకు ఎక్కించే వరస

కొత్త బండ్లు పడిపోయేది ఎక్కువగా మొదటి రోజే. ఖాళీ బండి ఒక పక్కన షీట్లు మాత్రమే నిలబెడితే బరువంతా అటువైపు చక్రాల దగ్గరికి చేరుతుంది.

1. బ్రేకులు వేయండి.
2. అరల్లో తుండు ముక్కలు, బరువైనవి అడుగున.
3. కింది చేతుల మీద బరువైన పలకలు, పై చేతుల మీద తేలికవి.
4. ఆ తర్వాతే షీట్లు, రెండు కొసలా సమానంగా బయటికి వచ్చేలా.
5. షీట్లను గోడకు కలిపి ఒక బెల్టుతో కట్టండి.

జాగా ఉంది కదా అని షీట్లు నింపేయకండి. లోపల 160 మి.మీ. పైనే ఖాళీ ఉంటుంది, 18 మి.మీ. షీట్లు తొమ్మిది పడతాయి. కానీ చక్రాల లెక్క ఐదింటికే వేశాం. ఎక్కువ కావాలంటే లెక్క మళ్లీ వేసి, చక్రాలు మార్చాకే.

తీసేటప్పుడు ఇదే వరస తిరగేయండి, ముందు షీట్లు. లోపలి షీటు కావాలంటే పైవాటిని ఒంటి చేత్తో వెనక్కి వంచి పట్టుకునే అలవాటు ప్రమాదం. మూడు షీట్లంటే వంద కిలోలు. ఇంకో మనిషిని పిలవండి, లేదా పైవి తీసి పక్కన పెట్టండి. పిల్లలు తిరిగే ఇల్లయితే చేతులు వాళ్లకు నిచ్చెనలా కనిపిస్తాయని గుర్తుంచుకోండి. బయటికొచ్చే షీటు మూలలకు మెరిసే రంగు టేపు అంటించండి.

## 10. ఇబ్బందులు, సవరణలు

కదిలించడం కష్టంగా ఉంది. చక్రాలు నాలుగూ తలోవైపు తిరిగి ఉంటాయి. ముందు ఒక కొసను మెల్లగా పక్కకు తోసి చక్రాలను ఒక దారికి తెచ్చి, అప్పుడు ముందుకు తోయండి. ఎప్పుడూ కొస నుంచి, నడుము ఎత్తులో తోయాలి. పైభాగం పట్టి లాగకూడదు.

పొడవు దిశలో ఊగుతోంది. గోడ పలక స్క్రూలు తక్కువయ్యాయి. ప్రతి గుంజకూ 150 మి.మీ.కి ఒకటి ఉండాలి.

అడ్డంగా ఊగుతోంది. ఏటవాలు ముక్క, అడ్డబద్ద కలిసే చోటు చూడండి. స్క్రూలు తీసి, అవే చోట్ల 8 మి.మీ. బోల్టులు వేస్తే సరిపోతుంది.

చేతులు కిందికి వాలాయి. వాషర్లు చెక్కలోకి దిగబడి ఉంటాయి. చేయి పైకెత్తి పట్టుకుని బోల్టులు మళ్లీ బిగించండి, ఇంకా పెద్ద వాషర్లు వేయండి.

పలకలు చేతుల మధ్య కిందికి వంగుతున్నాయి. సన్న పలకలను ఒక్కోటీ విడిగా పెట్టకండి. కింద ఒక మందపాటి పలక వేసి, దాని మీద పేర్చండి.

అరలు నెల తిరక్కుండానే నిండిపోయాయి. ఇది బండి లోపం కాదు. 300 మి.మీ. కన్నా పొట్టి ముక్కలు అరల్లోకి వెళ్లకూడదని నియమం పెట్టుకోండి. మంచి గట్టి కలప ముక్కైతే సరే, మినహాయింపు.

## 11. వాడకం మొదలయ్యాక

- మొదటి వారం తర్వాత బోల్టులు, కోచ్ స్క్రూలు అన్నీ ఓసారి బిగించండి. కొత్త చెక్క ఆరి కుంచించుకుంటుంది.
- రెండు మూడు నెలలకోసారి చక్రాల ఇరుసుల్లో చుట్టుకున్న దారం, పొట్టు తీసేయండి.
- బ్రేకు వేసి బండిని కాలితో నెట్టి చూడండి. జారితే చక్రం మీది దుమ్ము తుడవండి, అయినా జారితే చక్రం మార్చండి.
- కొత్తగా కొన్న పచ్చి కలపను పొడి పలకలతో కలిపి పెట్టొద్దు. మధ్యలో సన్న బద్దలు వేసి, గాలి ఆడేలా పై చేతుల మీద ఉంచండి.